మన హాస్టల్ పిల్లలు లండన్ సిస్టమ్ ఎందుకు ఆడాలి?

చెస్ ఆడే తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఈ పోస్ట్. కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

మన హాస్టళ్లలో బోర్డు ముందు కూర్చున్న ప్రతివాళ్లూ మొదట నేర్చుకునేది నాలుగెత్తుల చెక్‌మేట్. రూమ్‌లో కొత్తోళ్ల మీద అది పనిచేస్తుంది. టోర్నమెంట్‌లో, చిన్నప్పటి నుంచి కోచింగ్ తీసుకున్నవాళ్ల మీద పనిచేయదు. బయటికొచ్చిన మన మంత్రిని తరుముతూ వాళ్లు తమ పావులన్నీ తెచ్చేసుకుంటారు. రెండు రౌండ్లు అలా ఓడితే చాలు, "చెస్ మనలాంటోళ్లకి కాదులే" అనేస్తాం. నాకు బాధ అక్కడే. మనకి తెలివి తక్కువై కాదు, ఆట మొదలుపెట్టే పద్ధతి ఎవరూ చెప్పక ఓడుతున్నాం.

అందుకే నా మాట: తెల్ల పావులొస్తే లండన్ సిస్టమ్ ఆడండి. మంత్రి ముందు బంటు డి4కి, గుర్రం ఎఫ్3కి, బిషప్ ఎఫ్4కి. ఆ తర్వాతే బంటు ఈ3కి. ఈ3 ముందే ఆడేస్తే ఆ బిషప్ సొంత బంటు వెనకే ఇరుక్కుంటుంది. తర్వాత సి3, రెండో బిషప్ డి3కి, రెండో గుర్రం డి2కి, ఆపైన క్యాజిలింగ్. అవతలివాళ్లు ఏం ఆడినా దాదాపు ఇదే వరస. ఇరవై ఎత్తుల లైన్లు బట్టీ పట్టక్కర్లేదు, ఖరీదైన పుస్తకాలు కొనక్కర్లేదు. చదువు, పరీక్షల మధ్య మనకున్న టైమ్‌కి ఇది సరిపోతుంది.

"అది బోరు, భయస్తుల ఆట" అంటారు కొందరు. 2023లో ఆస్తానాలో జరిగిన వరల్డ్ చాంపియన్‌షిప్‌లో డింగ్ లిరెన్ ఆరో గేమ్‌లో నెపోమ్నియాషి మీద గెలిచింది ఈ లండన్‌తోనే. చివరికి చాంపియన్ కూడా అయ్యాడు. గుర్రం ఈ5లో పాతుకుని, డి3 బిషప్ హెచ్7 మీద గురిపెట్టాక అవతలి రాజుకి ఊపిరాడదు. దాన్ని భయం అంటారా?

అలాగని కళ్లు మూసుకుని ఆడకండి. బిషప్ బయటికెళ్లాక బి2 బంటుకి కాపలా ఉండదు. నల్లవాళ్లు సి5 ఆడి మంత్రిని బి6కి తెచ్చేది దాని కోసమే. మనం సి3 ఆడి ఉంటాం కాబట్టి మన మంత్రి బి3కి వెళ్లి ఎదురు నిలబడొచ్చు. వాళ్ల గుర్రం హెచ్5కి వచ్చి బిషప్‌ని కొట్టకుండా, వీలు చూసి హెచ్3 ఆడి దానికి వెనక్కి దారి ఉంచుకోండి.

సీనియర్ అన్నలు, అక్కలకి ఒక్క విన్నపం. జూనియర్లకి నాలుగెత్తుల ట్రిక్కుకి బదులు ఇది నేర్పండి. లీచెస్ యాప్ పూర్తిగా ఫ్రీ, రూమ్‌లో ఒక్క ఫోన్ ఉన్నా చాలు. ఈసారి టోర్నమెంట్‌లో మనోళ్లు ఓడినా నలభై ఎత్తులు నిలబడి ఓడాలి. అలా ఓడినవాళ్లే మళ్లీ ఆడటానికి వస్తారు.

జై ఆదివాసీ.