హార్మోను సీసా, తెగులు మందు సీసా

వరికి పొడ తెగులు తగిలిందని కొట్టుకు పోయిన రైతు చేతిలో వ్యాపారి రెండు సీసాలు పెడుతున్నాడు. ఒకటి ప్రొపికొనజోల్. రెండోది హోమోబ్రాసినొలైడ్, "పైరు కళకళలాడుద్ది" అని. రెండూ కలిపి కొట్టేయమంటాడు. అప్పు ఖాతాలో రెండూ పడతాయి. ఈ రెంటికీ ఉన్న లంకె ఏమిటో రైతుకు చెప్పే నాథుడు లేడు.

మన ఒంట్లో కొలెస్టరాల్ ఉన్నట్టే మొక్కల్లోనూ ఆ జాతి పదార్థాలున్నాయి. వాటిని స్టెరాల్‌లంటారు. కణాల పొరలు నిలవడానికి అవి కావాలి. పైరుల్లో సైటోస్టెరాల్, కాంపెస్టెరాల్ వంటివి ముఖ్యం. బూజు తెగుళ్లలో ఎర్గోస్టెరాల్. చిత్రమేమంటే క్లోరెల్లా వంటి ఆకుపచ్చ నాచుల్లోనూ ఎర్గోస్టెరాలే ఉంది. ప్రొపికొనజోల్ ఆ ఎర్గోస్టెరాల్ తయారీకి అడ్డుపడే బూజును అణుస్తుంది. కాబట్టి మందు డబ్బా కడిగిన నీళ్లు చెరువులో పారబోస్తే నాచుకూ ముప్పే. ఆ నాచు మీద బతికే చేపపిల్లల సంగతి మత్స్యకారులు కూడా అడగాలి.

ఇక హార్మోను. పైరు తన కాంపెస్టెరాల్‌లో కొంత భాగాన్ని మార్చుకుని బ్రాసినొలైడ్‌ను తానే తయారుచేసుకుంటుంది. అది లేని మొక్క గిడసబారిపోతుంది. 1979లో అమెరికా శాస్త్రజ్ఞులు తేనెటీగలు చేర్చిన ఆవజాతి పుప్పొడిని 200 కిలోలకు పైగా తీసుకుంటే దక్కింది కొద్ది మిల్లీగ్రాములే. సీసాలో అమ్మేది దాని తోబుట్టువు, కర్మాగారంలో తయారైనది. బలం నూటికి 0.04 పాళ్లు. అంటే 100 మిల్లీలీటర్ల సీసాలో అసలు సరుకు సుమారు 40 మిల్లీగ్రాములు! అంత కొద్దే చాలన్నమాట అబద్ధం కాదు, హార్మోనుల తీరే అంత. కాని అది ఎరువు కాదు. నత్రజని, పొటాష్ కరువైన పొలానికి ఎన్ని సీసాలు కొట్టినా ఆ లోటు తీరదు. వ్యాపారి దాన్ని "బలం మందు" అనడంలోనే ఉంది దగా.

అంతకు మించిన సంగతి ఒకటుంది. బూజును ఆపే ఈ ప్రొపికొనజోలే మొక్కల్లో బ్రాసినొలైడ్ జాతి హార్మోన్ల తయారీకీ అడ్డుపడుతుందని, మొక్కజొన్న మొలకలు కురచబడతాయని 2012లో వెలువడిన పరిశోధన చూపింది. ఒక సీసా ఆపేదాన్ని మరో సీసాతో పోయిస్తున్నారన్నమాట. రెండింటి డబ్బూ రైతుదే. అది ప్రయోగశాలలో లేత మొక్కల మీద తేలిన మాట, నిజమే. వరి మడిలో, వాడే మోతాదులో, ఈ రెండూ కలపవచ్చునో లేదో తేల్చవలసింది మాత్రం వ్యవసాయ విశ్వవిద్యాలయాలు. కమీషన్ మీద బతికే ఏజెంటు కాదు.

చట్టాల తీరు చూడండి. హోమోబ్రాసినొలైడ్ 1968 నాటి పురుగుమందుల చట్టం కిందికి వస్తుంది. పక్క అరలోని "జీవ ఉత్ప్రేరకాలు" 2021లో సవరించిన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి. కొట్టు ఒకటే, రైతు ఒకడే, చట్టాలు రెండు. ఒకదాని కింద కాకపోతే రెండోదాని కిందనైనా ప్రభుత్వం మూడు పనులు వెంటనే చెయ్యాలి. ఏ మందుతో ఏది కలపకూడదో సీసా మీద తెలుగులో, కళ్లకు ఆనే అక్షరాలతో వేయించాలి. రైతు అడగని సీసా అంటగట్టే కొట్ల లైసెన్సులు నిలపాలి. విశ్వవిద్యాలయం పరీక్షించిన ఫలితాలను నాట్లకు ముందే గ్రామ సభల్లో చదివి వినిపించాలి.