ప్రీన్ సాహసం వెనుక

సంపాదకులకు,

జర్మన్ జలాంతర్గామి యూ-47 కమాండర్ గుంటర్ ప్రీన్‌పై మీరు వేసిన వ్యాసంలో రెండు మాటలతో ఏకీభవించలేను.

1939 అక్టోబర్ 14 తెల్లవారుజామున బ్రిటన్ నౌకాస్థావరం స్కాపా ఫ్లోలో ఆయన రెండు పెద్ద యుద్ధనౌకలను దెబ్బతీశాడని రాశారు. మునిగింది రాయల్ ఓక్ ఒక్కటే. రెండోదిగా చెప్పిన రిపల్స్ ఆ రాత్రి అక్కడ లేనే లేదు. అది బెర్లిన్ ప్రచారం. రాయల్ ఓక్‌లో 830 మందికి పైగా చనిపోయారు. వారిలో వందమందికి పైగా 18 ఏళ్లు నిండని బాల నావికులు. ఈ మాట వ్యాసంలో ఎక్కడా లేదు.

‘సాయుధులతోనే తలపడిన యోధుడు’ అన్నది రెండో మాట. 1940 జూలై 2న ఐర్లాండ్‌కు పడమరన ప్రీన్ ముంచిన అరండోరా స్టార్ ఓడలో ఉన్నది ఎక్కువగా బ్రిటన్ నిర్బంధించి కెనడాకు పంపుతున్న ఇటాలియన్, జర్మన్ పౌరులు. హోటళ్లు నడుపుకునేవారు, వంటవాళ్లు, ముస్సోలినీని ఎదిరించిన డెచియో అంజాని లాంటివారు అందులో ఉన్నారు. 800 మందికి పైగా మరణించారు. ఓడపై రెడ్ క్రాస్ గుర్తు లేదు, లోపల ఎవరున్నారో ప్రీన్‌కు తెలిసే వీలూ లేదు. తప్పులో బ్రిటన్‌కూ వాటా ఉంది. అయినా ఆ ఓడ బరువును ఆయన విజయాల ఖాతాలో కలిపి, అందులోని మనుషులను వదిలేయడం న్యాయం కాదు.

సాహసం గురించి రాయండి. మృతుల లెక్క కూడా దాని పక్కనే వేయండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కాకినాడ