అన్ని సౌండ్లూ వచ్చే గిటార్ కొనే ముందు



వార్షిక పరీక్షలు అయిపోతున్నాయి. వేసవి సెలవుల్లో పిల్లలకు ఏదైనా వాద్యం నేర్పిద్దామని మీలో చాలామంది అనుకుంటూ ఉంటారు. పిల్లలు మాత్రం ఫోన్‌లో వీడియోలు చూసి ఈపాటికే నిర్ణయం తీసేసుకుని ఉంటారు. గిటారే కావాలి, అదీ అన్ని సౌండ్లూ వచ్చే డిజిటల్ మోడలింగ్ గిటారే కావాలి అంటారు. అకౌస్టిక్, ఎలక్ట్రిక్, పన్నెండు తీగల గిటార్, బాంజో, చివరికి సితార్ కూడా ఒకే వాద్యంలో పలుకుతాయని ప్రకటన చెబుతుంది. ఎలాగూ కొంటున్నాం కదా, అన్నీ ఉన్నదే కొంటే పోలా అని మనకూ అనిపిస్తుంది. నా అభిప్రాయం వేరు. మొదటి గిటార్‌గా అది వద్దు. ఎందుకో చెబుతాను.

ముందు అది పనిచేసే తీరు చూద్దాం. మామూలు ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగల కింద అయస్కాంతాలున్న పికప్‌లు ఉంటాయి. మోడలింగ్ గిటార్‌లో తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర ఒక్కో తీగకు ఒక్కో సెన్సర్ ఉంటుంది. తీగ కంపనాన్ని అది లోపలి చిప్‌కు పంపుతుంది. అదే కంపనం వేరే గిటార్‌లో పుట్టి ఉంటే ఎలా వినిపించేదో చిప్ లెక్కగట్టి ఆ శబ్దాన్ని బయటికి ఇస్తుంది. జపాన్ కంపెనీ రోలాండ్ 1995లోనే ఇలాంటి పని చేసే వీజీ-8 అనే పెట్టెను తెచ్చింది. తర్వాత కొన్నేళ్ళకు అమెరికాకు చెందిన లైన్ 6 కంపెనీ వేరియాక్స్ పేరుతో ఆ ఏర్పాటును గిటార్‌లోపలే అమర్చింది. ఇందులో మోసం ఏమీ లేదు, మంచి ఇంజనీరింగ్ ఉంది. పాటకో గిటార్ మార్చాల్సిన స్టేజి కళాకారులకు ఇది నిజంగా అక్కరకొచ్చే వస్తువు.

చిక్కంతా ప్రకటనను మనం అర్థం చేసుకునే తీరులో ఉంది. వీడియోలో మీరు వినేది గిటార్ ఒక్కటే కాదు. దాని వెనక మంచి యాంప్లిఫయర్, స్పీకర్, ఎఫెక్టులు, రికార్డింగ్ గది ఉంటాయి. అన్నిటికీ మించి ఏళ్ళ తరబడి సాధన చేసిన చేయి ఉంటుంది. అదే గిటార్‌ను ఇంట్లో అరచేతి మందం స్పీకర్‌కు తగిలిస్తే, పాతిక సౌండ్లలో సగం ఒకదానికొకటి తేడా తెలియకుండా వినిపిస్తాయి. చిప్ పికప్‌నూ చెక్కనూ అనుకరించగలదు కానీ, మీ ఇంట్లో లేని స్పీకర్‌ను తెచ్చిపెట్టలేదు.

రెండో సంగతి, చెవికి మారిన వాద్యం చేతికి మారదు. పన్నెండు తీగల గిటార్ సౌండ్ పెట్టినా వేళ్ళ కింద ఉండేవి ఆరు తీగలే. సితార్ సంగతి మరీ ముఖ్యం. సితార్‌లో తీగను పక్కకు లాగి ఒకే మెట్టు మీద అనేక స్వరాలు పలికిస్తారు. మెట్ల కింద విడిగా మోగే తరబ్ తీగలుంటాయి. గిటార్‌లో తీగను అంతగా లాగడం కుదరదు, తరబ్ తీగలూ ఉండవు. పైగా మొదటి వేరియాక్స్‌లో సితార్ పేరుతో ఉన్నది మన సితార్ నమూనా కాదు. 1960లలో అమెరికాలో తయారైన కోరల్ అనే ఎలక్ట్రిక్ సితార్ నమూనా. అది కూడా గిటార్ వాయించేవాళ్ళ కోసమే చేసిన వాద్యం! మన చెవి కోరుకునే సితార్ అందులో దొరకదు.

మూడోది శ్రుతి. మీట నొక్కితే శ్రుతి మారిపోతుందంటారు. నిజమే, కానీ మారేది స్పీకర్‌లోంచి వచ్చే శబ్దమే. అసలు తీగ పాత శ్రుతిలోనే మోగుతూ ఉంటుంది. సౌండ్ తగ్గించి వాయిస్తే రెండు శ్రుతులూ ఒకేసారి చెవిన పడతాయి. ఇంకా శ్రుతిజ్ఞానం కుదరని పిల్లలకు ఇది మేలు చేయదు. రిపేరు మాట కూడా ఆలోచించండి. మామూలు గిటార్ తీగ తెగితే, చీల వదులైతే తెలిసిన మేస్త్రీ ఎవరైనా బాగుచేస్తాడు. లోపలి సర్క్యూట్ బోర్డు పోతే అది కంపెనీ చేతిలోని పని.

ఉస్మాన్‌గంజ్ వ్యాపార కుటుంబాల వారికి ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. అక్కడ బస్తా మీది బొమ్మ చూసి ఎవరూ సరుకు కొనరు. పిడికెడు చేతిలోకి తీసుకుని, నలిపి, వాసన చూసి, నోట్లో వేసుకుని గానీ ధర మాట్లాడరు. గిటార్‌కూ అదే పద్ధతి. ఆబిడ్స్, నాంపల్లి వైపు షాపులకు వెళ్ళినా, ఇంకెక్కడికి వెళ్ళినా పిల్లలను వెంట తీసుకెళ్ళండి. ముందు కరెంటు లేకుండా వాయించి చూడమనండి. తీగలు వేళ్ళకు మరీ ఎత్తుగా ఉన్నాయా, మెడ చేతికి సరిపోతోందా చూడండి. తర్వాత, షాపులోని పెద్ద స్పీకర్ కాకుండా, మీరు కొనబోయే చిన్న స్పీకర్‌కే తగిలించమని అడగండి. షాపు కుర్రాడు ఎంత బాగా వాయించినా, మీ అబ్బాయి చేతిలోనో అమ్మాయి చేతిలోనో విన్న తర్వాతే నిర్ణయించండి.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం డబ్బు ఒక్కటే కాదు. ఖరీదైన గిటార్ ఇంటికి వస్తుంది. వీడియోలోని సౌండ్ రాదు. పదేళ్ళ పిల్లవాడు ప్రకటనను తప్పుపట్టడు, "నాకు సంగీతం రాదు" అనుకుంటాడు. మనం కూడా "అంత పెట్టి కొన్నాం, ముట్టుకోవేం" అని ఒక మాట అనేస్తాం. రెండు నెలల్లో గిటార్ బీరువా మీదికి చేరుతుంది. గిటార్‌ను ఎప్పుడైనా కిందికి దించవచ్చు. నాకు రాదన్న నమ్మకం మనసులో పడ్డాక దాన్ని తీయడం కష్టం.

ఎలక్ట్రిక్ వాద్యాల మీద నాకు కోపమేమీ లేదు. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీతం వాయించింది ఎలక్ట్రిక్ మాండలిన్ మీదే. జంట తీగల పాశ్చాత్య వాద్యాన్ని ఐదు ఒంటి తీగలతో గమకాలకు అనువుగా మార్చుకున్నారు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు విని తీగ మీద పలికించేవాడు. మీట నొక్కితే వచ్చే సౌండ్లు ఆ వాద్యంలో లేవు. చెవి విన్నదాన్ని వేలు వెతుక్కునేది. చిన్న పిల్లవాడుగానే కచేరీ చేసి, 1998లో పద్మశ్రీ అందుకునే దాకా వెళ్ళాడంటే దారి చూపింది ఆ చెవే.

కాబట్టి నా సలహా ఇది. మొదటి రెండేళ్ళకు పిల్లల చేతికి సరిపోయే సాదా గిటార్ కొనండి. మిగిలిన డబ్బులో కొంత మంచి గురువుకు కేటాయించండి. రోజూ ఇరవై నిమిషాలు వాయిస్తుంటే పక్కన కూర్చుని వినండి. ఫలానా పాటలో ఫలానా చోట వచ్చే సౌండ్ ఈ గిటార్‌లో రావడం లేదని మీ అమ్మాయి తనంతట తాను పట్టుకుని చెప్పిన రోజున మోడలింగ్ గిటార్ గురించి ఆలోచించండి. అప్పుడు ఏం కొంటోందో ఆమెకు తెలుస్తుంది. ప్రకటన చెప్పక్కర్లేదు.