జామీను సంతకం

సూరత్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో వాహన ఋణం ప్రస్తావన రాగానే బంధువుల దృష్టి ముందుగా ప్రభుత్వ రంగ ఉద్యోగి వైపు మళ్ళుతుంది. లింబాయత్‌లోనో, ఉధనాలోనో మరమగ్గాల పని చేసుకునే బావమరిదికి ఆదాయం ఉంటుంది గాని, దానికి కాగితం ఉండదు. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లకు సరుకు చేరవేసే చిన్న టెంపో ఒకటి కొనుక్కుంటే సొంత కాళ్ళ మీద నిలబడవచ్చునని అతని ఆశ. ఆశ మంచిదే. కాగితం లేని లోటును హజీరాలో ఉద్యోగం చేసే బావగారి జీతం స్లిప్పు పూడుస్తుంది. “పేరుకు మాత్రమే సంతకం బావగారూ, వాయిదాలన్నీ నేనే కట్టుకుంటాను” అంటాడు. ఆ మాట అతడు నిజాయితీగానే అంటాడు. కాని ఋణపత్రంలో “పేరుకు మాత్రమే” అనే షరతు ఉండదు.

గుజరాతీలో జామీన్ అన్నా, తెలుగులో జామీను అన్నా పదం ఒక్కటే, బాధ్యతా ఒక్కటే. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే విధంగా వ్రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అసలు ఋణగ్రస్తుని బాధ్యతతో సమానం. “ముందు అతని వద్ద వసూలు చేయండి, రాకపోతే నా వద్దకు రండి” అని హామీదారు అనవచ్చునని మనలో చాలామంది నమ్మకం. బ్యాంక్ ఆఫ్ బీహార్ కేసులో 1968లో సుప్రీం కోర్టు ఈ వాదాన్ని త్రోసిపుచ్చింది. మొదటి వాయిదా తప్పిన నాడే ఋణదాత నేరుగా హామీదారునే అడగవచ్చును. ఇక ‘సహ ఋణగ్రహీత’గా సంతకం చేసినవాడు హామీదారు కూడా కాదు, అతడే అప్పు తీసుకున్నవాడు. విచిత్రమేమంటే రిజిస్ట్రేషన్ పత్రంలో యజమానిగా బావమరిది పేరు, తాకట్టు క్రింద ఋణసంస్థ పేరు ఉంటాయి. హామీదారు పేరు ఎక్కడా కనబడదు. బండి తాళం చెవి కూడా అతని వద్ద ఉండదు.

వృత్తిరీత్యా నాకు అంకెల మీద నమ్మకం ఎక్కువ గనుక ఒక ఉదాహరణ లెక్కించి చూద్దాం. ఆరు లక్షల బండికి ఐదు లక్షల ఋణం, తగ్గే నిల్వపై 10 శాతం వడ్డీ, 60 నెలలు అనుకుందాం. నెలసరి వాయిదా దాదాపు 10,624 రూపాయలు. (ఇదే 10 శాతాన్ని ‘ఫ్లాట్’ రేటు అని చెబితే వాయిదా 12,500 అవుతుంది. అప్పుడు అసలు వడ్డీ 17 శాతం దాటుతుంది. ఏ రేటో అడగనిదే కొందరు చెప్పరు.) రెండేళ్ళు క్రమం తప్పక చెల్లించి, 25వ నెలలో ఆగిపోయాడనుకోండి. అప్పటికి కట్టినది రెండున్నర లక్షల పైచిలుకు. అసలులో తగ్గినది సుమారు 1,71,000 మాత్రమే. మిగిలిన బాకీ 3,29,000. రెండేళ్ళు దాటిన బండికి బీమా సంస్థల తరుగుదల పట్టికలో 30 శాతం తగ్గించి కట్టే విలువ 4,20,000. అప్పు తీరిపోగా మిగులుతుంది కదా అనిపిస్తుంది. జప్తు చేసిన బండిని వేలంలో కొనేవాడు ఆ పట్టిక చూచి కొనడు. రెండున్నర లక్షలే పలికితే 79,000 రూపాయల తరుగు, దానిపై వడ్డీ, జరిమానా, బండిని తీసుకువెళ్ళిన ఖర్చు మిగులుతాయి. వీటి కోసం వచ్చే నోటీసు చేరేది స్థిరమైన చిరునామా ఉన్నవానికే.

వాయిదాలు ఆగడానికి బావమరిది సోమరి కానక్కరలేదు. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుండి విడుదలైన నీటితో తాపీ నది పొంగి ఈ నగరంలో అధిక భాగాన్ని ముంచెత్తింది. 2017 జూలైలో జీఎస్టీకి వ్యతిరేకంగా బట్టల వ్యాపారులు అంగళ్ళు మూసివేశారు. 2020లో లాక్‌డౌన్ వచ్చి మగ్గాలే ఆగిపోయాయి. ఆ ఏడాది మార్చి నుండి ఆగస్టు వరకు వాయిదాల చెల్లింపు వాయిదా వేసుకునే వీలును రిజర్వు బ్యాంకు కల్పించినా, వడ్డీ మాత్రం నడిచింది. పైగా డబ్బుకు ఇబ్బంది అయినప్పుడు చాలామంది మొదట మానుకునేది సమగ్ర బీమా. థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉన్న బండి వరదలో మునిగితే బండీ పోతుంది, పరిహారమూ రాదు, అప్పు మిగులుతుంది.

మన జీతానికి ముప్పు ఎంత? కోర్టు డిక్రీ అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం జీతంలో మొదటి వేయి రూపాయలు, మిగతా దానిలో మూడింట రెండు వంతులు జప్తుకు అతీతం. అంటే 80,000 జీతంలో 26,333 వరకు పోవచ్చును. ఒకే డిక్రీ క్రింద ఇది 24 నెలలకు మించదు. భవిష్య నిధికి, గ్రాట్యుటీకి చట్టరక్షణ ఉన్నది. కాని కోర్టు దాకా పోకముందే జరిగే నష్టం మరొకటి. మనం హామీ ఇచ్చిన ఋణం మన పరపతి నివేదికలోనూ నమోదవుతుంది. అమ్మాయి ఇంజనీరింగు చదువుకు ఋణం అడగబోయినప్పుడు, మనం ఒక్క రూపాయి వాడుకోని టెంపో అక్కడ ప్రత్యక్షమవుతుంది. అందువల్ల ఈ సంతకం భార్యాభర్తలిద్దరూ కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం. పుట్టింటివారి మాట గనుక గృహిణి, అత్తవారి మాట గనుక భర్త మొగమాటపడి మౌనంగా ఉండిపోతే ఆ మౌనమే అంగీకారమవుతుంది.

నన్నడిగితే, నెలకు 10,624 రూపాయలు కొంతకాలం మనమే కట్టగలమా అని ముందు చూసుకోవాలి. కట్టలేని పక్షంలో, చేతనైన యాభై వేలో లక్షో తొలి చెల్లింపు క్రింద సాయం చేయడం మేలు. తిరిగి రాకపోయినా అంతతో పోతుంది. అతని అప్పూ ఆ మేరకు తగ్గుతుంది. పదవీ విరమణకు ఐదేళ్ళ లోపున్నవారు ఐదేళ్ళ ఋణానికి సంతకం చేయడం నాకు సమ్మతం కాదు.

చేయక తప్పనివారు ఖాళీలు ఉన్న పత్రంపై చేయవద్దు. ఒప్పందం నకలు తీసుకుని, వాయిదా తప్పితే తమకూ తెలియజేయాలని ఋణసంస్థకు వ్రాతపూర్వకంగా కోరాలి. ఏటేటా బీమా రసీదు చూడాలి. ఎప్పుడైనా తామే చెల్లించవలసి వస్తే ప్రతి రసీదు భద్రపరచాలి. బాకీ మొత్తం తీర్చిన హామీదారుకు 140, 141 సెక్షన్ల క్రింద ఋణదాత హక్కులు, తాకట్టు సంక్రమిస్తాయి, కట్టినది బావమరిది నుండి రాబట్టుకొనే హక్కును 145వ సెక్షన్ ఇస్తుంది. ఋణం తీరిన రోజున బండి యజమాని చేతికి తాకట్టు రద్దుకు 35వ నంబరు ఫారం, నిరభ్యంతర పత్రం వస్తాయి. హామీ నుండి విముక్తి అయినట్లు హామీదారుకు లేఖ కావాలంటే, అది విడిగా అడిగి తీసుకోవలసినదే.