మీ శాఖ ఆదాయమెంత?

ప్రధాని వాణిజ్య, పరిశ్రమల మండలికి 2000లో విద్యా సంస్కరణల నివేదిక ఇచ్చింది అంబానీ, బిర్లాలు. ఉన్నత విద్య ఖర్చు చదువుకునేవాళ్ళే భరించాలన్నారు. 2017లో హెఫా వచ్చి కేంద్ర విద్యాసంస్థల భవనాలకి గ్రాంటు బదులు అప్పు చూపించింది. ఫీజు పెరిగితే ఇంట్లో ముందు ఎవరి చదువు ఆగుతుందో మనకి ఒకరు చెప్పాలా?

ఆ లెక్కల భాష రాష్ట్ర విశ్వవిద్యాలయాలకీ అంటుకుంది. డాక్టరేటు ఉండి కూడా గంటకింతని తెలుగు పాఠం చెప్పే నన్ను సమీక్షలో "మీ శాఖ ఆదాయమెంత?" అని అడిగారు. మొల్లని చదివిస్తే ఎంతొస్తుందని చెప్పను? పర్మనెంట్ ప్రొఫెసర్లు, మన ఉద్యమ మిత్రులతో సహా, తలలూపారు. నాకు ఎక్కువ మండింది అక్కడే.

సరే, లెక్కలే మాట్లాడుకుందాం. పేపర్లు దిద్దడం, పిల్లల సిద్ధాంత వ్యాసాలు చదివిపెట్టడం, చదువు మానేస్తానని ఏడ్చే అమ్మాయిని కూర్చోబెట్టి మాట్లాడటం నా గంటల్లోకి రావు, ఇంటిచాకిరీలాగే. ఈ పనంతా ఏ ఖాతాలో జమ వేసుకున్నారో ముందు వాళ్ళని చూపించమనండి.