కాలితో తన్నిన కుర్చీ

పోలీసు స్టేషన్లో ఎవరికి కుర్చీ వేస్తారో ఏ మాన్యువల్‌లోనూ రాసి ఉండదు. కాగితం చేతపట్టుకుని వచ్చిన పల్లెటూరి మనిషి గోడవార నిలబడే ఉంటాడు. మండల నాయకుడు అడుగుపెడితే రైటరే లేచి కుర్చీ జరుపుతాడు. 1973 మే నెలలో వచ్చిన 'జంజీర్'లో రచయితలు సలీం-జావేద్ పట్టుకున్నది సరిగ్గా ఈ కుర్చీనే. జూదం అడ్డాలు నడిపే షేర్‌ఖాన్ స్టేషన్‌కు వచ్చి, ఎవరూ చెప్పకుండానే కూర్చోబోతాడు. ఇన్‌స్పెక్టర్ విజయ్ ఆ కుర్చీని ఒక్క తన్ను తన్నుతాడు. కూర్చోమనే దాకా నిలబడమంటాడు. పెద్దమనుషుల ముందు కుర్చీలు సర్దే స్టేషన్లను జీవితమంతా చూసిన ప్రేక్షకుడికి ఆ తన్ను ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

నలభై ఏళ్ల తరువాత, 2013 సెప్టెంబరు 6న, రామ్‌చరణ్ అదే విజయ్‌గా వచ్చారు. హిందీలో 'జంజీర్', తెలుగులో 'తుఫాన్'. దర్శకుడు అపూర్వ లాఖియా. మాతృక దర్శకుడు ప్రకాశ్ మెహ్రా కుమారుడు నిర్మాతల్లో ఒకరు. రాష్ట్ర విభజన నిర్ణయంతో ఊళ్లన్నీ అట్టుడుకుతున్న రోజులవి. సినిమా నిలబడకపోవడానికి ఆ ఉద్యమాలే కారణమని అప్పట్లో కొందరు అభిమానులు సర్దిచెప్పుకున్నారు. అదే నెల చివర అవే ఊళ్లలో 'అత్తారింటికి దారేది'కి జనం విరగబడ్డారు కాబట్టి ఆ సమాధానం నిలవదు. హిందీ రాష్ట్రాల్లో ఏ ఉద్యమమూ లేదు, అక్కడా ఆడలేదు.

హీరోను తప్పుపట్టినవారూ చాలామందే. ముంబై సమీక్షకులైతే మరీ కటువుగా రాశారు. ఆ మాట ఎంత తొందరపాటో తరువాతి సినిమాలు చెప్పాయి. 2016లో 'ధృవ'లో ఆయన మళ్లీ పోలీసు అధికారే. పత్రికల్లో ఏ మూలనో పడిన చిన్న వార్తను పట్టుకుని దాని వెనక దాగిన పెద్ద నేరం దాకా వెళ్లే యువ ఐపీఎస్. అతను పని చేస్తుంటే చూస్తాం కనుక అతని పట్టుదలను నమ్ముతాం. అదీ రీమేకే, తమిళం 'తని ఒరువన్' నుంచి తెచ్చుకున్నదే. కనుక నేరం రీమేక్‌ది కూడా కాదు.

2022లో 'ఆర్ఆర్ఆర్'లో ఆయన పరిచయ ఘట్టం ఇంకా గొప్పది. తెల్లదొర కొలువులో ఉన్న రామరాజు, రాయి విసిరిన ఒక్కణ్ని పట్టుకోవడానికి వేలమంది గుంపులోకి ఒంటరిగా దూకుతాడు. ఒళ్లంతా గాయాలతో వాణ్ని ఈడ్చుకొస్తాడు. అంతా అయ్యాక పదోన్నతులు ప్రకటిస్తే అతని పేరు ఉండదు. రాత్రి ఒంటరిగా ఇసుక బస్తాను గుద్దుతూ ఉంటాడు. ఖాకీలోని కోపానికి ఇంతకన్నా కారణం ఏం కావాలి? పై అధికారి కళ్లలోకి చూస్తూ పిడికిలి బిగించి నిలబడిన ఆ నటుడే 'తుఫాన్'లోనూ ఉన్నాడు. అతని చేతికి ఇచ్చిన కథలోనే పస లేదు.

కథంటే సంఘటనల వరస అనుకుంటే 'తుఫాన్'లో అన్నీ ఉన్నాయి. చిన్నప్పుడు కళ్ల ముందే తల్లిదండ్రుల హత్య, పీడకలలు, నిజాయితీకి బహుమతిగా బదిలీ, షేర్‌ఖాన్‌తో తగువు, ఆపై స్నేహం, తేజా అనే విలన్. కుర్చీ కూడా ఉంది. కాకపోతే ఈసారి ఆ కుర్చీని తన్నుతాడని హాల్లో అందరికీ ముందే తెలుసు. 1973లో విజయ్‌గా వేసిన అమితాబ్ వరస పరాజయాల్లో ఉన్న పొడుగాటి కుర్రాడు. పేరున్న హీరోలు వద్దన్న పాత్ర ఆయనకు దక్కిందంటారు. ఆ సినిమాలో విజయ్ పాత్ర పెదవి కదిపి పాడిన పాట ఒక్కటీ లేదు. నవ్వడమే తక్కువ. ఆ మనిషి కుర్చీ తన్నేసరికి ఇతనికి ఏమైందా అని జనం ముందుకు వంగి చూశారు. 'మగధీర' తరువాతి రామ్‌చరణ్ తెర మీదికి వస్తేనే ఈలలు. ఈలలు ముందే పడిపోయాక కుర్చీకి మిగిలేదేముంది?

కథానాయిక మాల పాత్రకు చేసిన మార్పు ఇంకా బాధపెడుతుంది. పాత 'జంజీర్'లో ఆమె వీధుల్లో కత్తులకు సాన పట్టి బతికే పిల్ల. బడిపిల్లల్ని తొక్కుకుంటూ పోయిన లారీని చూస్తుంది. నోరు మూసుకోమని ముఠా డబ్బిస్తే తీసుకుంటుంది. పేదది, భయస్తురాలు, ఒంటరిది. విజయ్ ఆమెకు నీతులు చెప్పడు. తిన్నగా శవాగారానికి లాక్కుపోయి ఆ చిన్న శరీరాల ముందు నిలబెడతాడు. జయభాదురి ముఖంలో అప్పుడు కలిగే మార్పు కోసమైనా ఆ సినిమాను ఇవాళ మళ్లీ చూడవచ్చు. కొత్త కథలో మాల అమెరికా నుంచి ఫేస్‌బుక్ స్నేహితురాలి పెళ్లికి వచ్చి హత్య చూస్తుంది. విమానం టికెట్ కొనుక్కుని వెళ్లిపోగల సాక్షి భయానికీ, ఏ ఊరూ పోలేని సాక్షి భయానికీ తేడా ఉంది. మన కోర్టుల్లో కేసులు వీగిపోయేది రెండో రకం భయం వల్లనే.

పోనీ, కొత్తగా చెప్పడానికి వాళ్ల చేతిలో ఏమీ లేదా అంటే, ఉంది. కొత్త తేజాను చమురు ముఠా నాయకుడిగా చేశారు. మెచ్చుకోదగ్గ ఆలోచన. అలాంటి ముఠాలు కల్పన కావు. 2011 జనవరి 25న, గణతంత్ర దినానికి ఒక్కరోజు ముందు, మాలేగావ్ అదనపు కలెక్టర్ యశ్వంత్ సోనావణే మన్మాడ్ దగ్గర ట్యాంకర్ల నుంచి దొంగతనంగా చమురు తీస్తున్నవాళ్లను చూసి ఆగారు. ఫోనులో చిత్రీకరించబోయారు. ముఠా ఆయన్ని సజీవంగా తగలబెట్టింది. మహారాష్ట్ర ఉద్యోగులు పనులు ఆపి నిరసన తెలిపారు. అదే ఏడాది జూన్‌లో, చమురు ముఠాల గురించి కూడా రాసిన పాత్రికేయుడు జె.డే ముంబైలో తుపాకి గుళ్లకు బలయ్యారు. ఆయన్ని తలపించే విలేకరి పాత్ర కూడా సినిమాలో ఉంది. హిందీలో అతుల్ కులకర్ణి, తెలుగులో తనికెళ్ల భరణి.

ఇంత నిప్పు చేతిలో పెట్టుకుని సినిమా దాని దగ్గర ఆగలేదు. రేషన్ కిరోసిన్ ఎలా పక్కదారి పడుతుంది? డీజిల్ ధర దానికి రెట్టింపు దాటినప్పుడు మధ్యలో ఎవరు బాగుపడతారు? కల్తీని పట్టించాలని ప్రభుత్వం కలిపిన నీలిరంగును ఎవరు పోగొడతారు? ట్యాంకరు డ్రైవరుకు ఎంత, బంకు యజమానికి ఎంత, స్టేషన్‌కు వెళ్లే నెలసరి ఎంత? మన ఊళ్లలో బండి నాలుగు రోజులు నడపగానే ఇంజన్ పట్టేస్తే పెట్రోల్లో కిరోసిన్ కలిసిందని మెకానిక్‌లు చెప్పేవారు కదా, ఈ లెక్క తెలుగు ప్రేక్షకుడికీ కొత్తది కాదు. అది చూపించి ఉంటే విజయ్ కోపం మన కోపమయ్యేది. అది లేక, తేజాగా వేసిన ప్రకాశ్‌రాజ్ హాస్యోక్తులు విసిరే వినోదపాత్రగా మిగిలిపోయాడు.

ఈ ఫిర్యాదుల మధ్య ఒక మంచి మాట చెప్పకపోతే అన్యాయం. హిందీలో సంజయ్‌దత్ వేసిన షేర్‌ఖాన్‌ను తెలుగులో శ్రీహరి వేశారు. మాట నిదానం, చూపు బరువు. సినిమా ఆయనకు ఇచ్చిన దానికన్నా ఆయన సినిమాకు ఎక్కువిచ్చారు. విడుదలైన నెల రోజులకే, అక్టోబరు 9న, కన్నుమూశారు. మొదటి షేర్‌ఖాన్ ప్రాణ్ ఆ జూలైలోనే వెళ్లిపోయారు. ఇదే కథను 1974లో ఎన్.టి.రామారావుతో 'నిప్పులాంటి మనిషి'గా తీసినప్పుడు ఆ పాత్ర కైకాల సత్యనారాయణది. తెలుగులో షేర్‌ఖాన్‌కు ఏనాడూ లోటు రాలేదు.

రీమేక్ విడుదలకు ముందు సలీం, జావేద్ కథ హక్కుల కోసం కోర్టుకెక్కారు. 1973లో పోస్టర్ల మీద రచయితల పేర్లు వేయకపోతే, పెయింటర్‌ను పెట్టి ముంబై గోడల మీది పోస్టర్లపై తమ పేర్లు రాయించుకున్నవాళ్లు వాళ్లు. పోలీసు కథలు మనకు ఇంకా వస్తాయి, రావాలి కూడా. తీయబోయే నిర్మాతలకు ఒక్క మనవి. పాత హిట్టు హక్కుల కోసం చెక్కు రాసే ముందు, ఒక రచయితను నెల రోజులు ఏదైనా మండల స్టేషన్లో బెంచీ మీద కూర్చోబెట్టండి. రైటరు కేసు డైరీ ఎలా రాస్తాడో, ఎవరికి కుర్చీ వేస్తాడో, సాక్షి వాయిదాకు ఎందుకు రాడో చూసి రమ్మనండి. అతని పేరు పోస్టరు మీద మీరే వేయండి.