అడగందే కెర్నెల్ కూడా పెట్టదు

మొన్న ఊరికెళ్ళినప్పుడు గద్వాలలో మా బావ జిరాక్సు షాపులో కూర్చున్నాను. చుట్టాల లెక్కలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంటే కంప్యూటర్ రిపేరే కదా! "దీనికి విండోస్ 11 ఎక్కదంటున్నరు. మంచిగ నడిచే డబ్బాను ఎందుకు పారెయ్యాల్రా?" అన్నాడు.

పాపం దాని తప్పేం లేదు. విండోస్ 11కు టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపు 8వ తరం ప్రాసెసర్ కావాలి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. లినక్స్ వేసిచ్చాను. పాత వైఫై డాంగిల్‌తో సహా అన్నీ పనిచేశాయి. (అను ఫాంట్లతో చేసే పెళ్ళికార్డుల కోసం ఇంకో విండోస్ డబ్బా ఉంచక తప్పలేదు, అది వేరే గోల.)

అలాగని లినక్స్ వాళ్ళు పాతవన్నీ మోస్తూనే ఉంటారా? లేదు. లైనస్ లినక్స్ మొదలుపెట్టిందే 386 మీద, దాన్నే 2013లో వచ్చిన 3.8లో తీసేశారు. ఇటానియం 2024లో వచ్చిన 6.7లో పోయింది. 486నూ తీసేద్దామని 2025 ఏప్రిల్‌లో ప్యాచ్‌లు వచ్చాయి.

దీన్ని నేను తప్పుపట్టను. పాత కోడ్ ఊరికే ఓ మూల పడి ఉండదు. 486ను మొయ్యాలంటే అందులో లేని ఇన్‌స్ట్రక్షన్ల కోసం వేరే దారి పెట్టాలి. లోపలి ఇంటర్‌ఫేస్ మార్చినవాడే దాన్ని వాడే డ్రైవర్లన్నీ సరిచెయ్యాలి. టెస్ట్ చెయ్యడానికి ఆ హార్డ్‌వేర్ దొరక్కపోతే, కంపైల్ అయింది కాబట్టి నడుస్తుందిలే అని దేవుడి మీద భారం వెయ్యడమే.

నా బాధల్లా ఒకటే. "వాడేవాళ్ళు లేరు" అని తేలేదెలా? ఎవరూ నోరెత్తకపోతే లేనట్టే. 2019లో ఫ్లాపీ డ్రైవర్‌ను అనాథగా రాసేశారు. తర్వాత ఒకాయన నేను చూసుకుంటానంటే మళ్ళీ దానికో దిక్కు దొరికింది. రేపు కొత్త కెర్నెల్‌తో ఆ డాంగిల్ ఆగిపోతే బావ మెయిలింగ్ లిస్టుకు రాస్తాడా? అప్పు చేసైనా కొత్త డబ్బా కొంటాడు. వనపర్తిలోనైనా, నాగర్‌కర్నూల్‌లోనైనా అంతే.

వాళ్ళ తరఫున రాయగలిగేది మనమే. నిన్నటిదాకా నడిచింది ఇవాళ ఆగకూడదన్నది కెర్నెల్ వాళ్ళ నియమమే, కానీ ఆగిందని ఎవరో ఒకరు చెప్తే కదా! అటకమీది పాత ల్యాప్‌టాప్ దింపి, ఆర్‌సీ కెర్నెల్ వచ్చినప్పుడు ఒకసారి బూట్ చెయ్యండి. ఏదైనా చెడితే గిట్ బైసెక్ట్‌తో ఆ ప్యాచ్‌ను పట్టుకుని రిపోర్ట్ చెయ్యండి. నెలకో ఆదివారం చాలు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. లైనస్ మనకు అమ్మ కూడా కాదాయె! ఏమంటారు?